0.0 నుంచి లెక్క

చౌటుప్పల్ అనే పేరును కంప్యూటర్‌లో దాచిపెట్టడానికి తొమ్మిది సంకేతాలు చాలు: చ, ఔత్వం, ట, కొమ్ము, ప, పొల్లు, మళ్లీ ప, ల, ఆఖరున ఇంకో పొల్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు, వెరసి 27 బైట్లు. ఫైల్లో ఉండేది అంతే. తెర మీద మనం చూసేవి మాత్రం నాలుగు అక్షరాలు: చౌ, టు, ప్ప, ల్. నడుమ ఉన్న పొల్లు కనబడకూడదని, దాని తరువాతి ప ఒత్తుగా మారాలని, చివరి పొల్లు మాత్రం మాయం కాకుండా ల నెత్తిన నిలవాలని ఎవరో తేల్చాలి.

ఆ తేల్చే పని మనం తెరిచిన ఎడిటర్‌ది అనుకుంటాం. దానికి తెలుగు రాదు. లినక్స్ వంటి వ్యవస్థల మీద అది ఆ 27 బైట్లను తీసుకెళ్లి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీకి అప్పగిస్తుంది. ఏ బొమ్మ ఎక్కడ పడాలో హార్ఫ్‌బజ్ ఫాంటును చూసి చెబుతుంది. ఫైల్ మేనేజర్, చాట్ ప్రోగ్రాము, ఆఫీసు ప్యాకేజీ, ఏది తెరిచినా చాలావరకు ఇదే కథ. లిబ్రెఆఫీస్ లినక్స్ మీద 2013లో 4.1 వెర్షన్‌తో, మిగతా అన్నిచోట్లా 2017లో 5.3తో హార్ఫ్‌బజ్‌కు మారింది. డిస్కులో ఆ లైబ్రరీ ఒక్క ప్రతే. మెమరీలోనూ దాని కోడ్ ఒక్క ప్రతే. పిలిచి వాడుకునే ప్రోగ్రాములు ఎన్నయినా ఉండొచ్చు. దీన్ని షేర్డ్ లైబ్రరీ అంటారు. దాన్ని ఒక్కచోట మారిస్తే, దాని మీద ఆధారపడ్డవన్నీ ఒక్కసారే మారిపోతాయి. మంచికైనా, చెడుకైనా.

ఆ రెండూ తెలుగువాళ్లు 2018 ఫిబ్రవరిలో చూశారు. జ, పొల్లు, ఞ, ఆ వెనక కంటికి కనబడని ఒక విడదీత సంకేతం, చివర దీర్ఘం. ఈ ఐదూ ఆ వరసలో ఉన్న సందేశం వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో మెసేజెస్ మూతపడేది. వాట్సాప్ మూతపడేది. అదే సందేశం నోటిఫికేషన్‌గా వస్తే హోం స్క్రీన్‌ను నడిపే ప్రోగ్రామే కుప్పకూలేది. జ్ఞా అనే అక్షరానికి ప్రపంచమంతా పేరొచ్చింది కానీ, తప్పు అక్షరానిదీ కాదు, వాట్సాప్ రాసినవాళ్లదీ కాదు. అన్ని యాప్‌లకూ అక్షరాలు గీసిపెట్టే కోర్‌టెక్స్ట్ అనే ఒకే ఒక్క లైబ్రరీలో ఉంది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6ను విడుదల చేసి కోర్‌టెక్స్ట్‌ను సరిచేసింది. దాంతో అన్నీ బాగయ్యాయి. ఈ తప్పు కోసం ఏ యాప్ కంపెనీ తన యాప్‌ను మళ్లీ తయారుచేయనక్కర లేకపోయింది.

అప్పట్లో వార్తలన్నీ అక్షరం చుట్టూనే తిరిగాయి. నాకు మరమ్మతు మీద ఆసక్తి. వాట్సాప్‌ను కంపైల్ చేసిన రోజున ఉన్న కోర్‌టెక్స్ట్ వేరు, ఫిబ్రవరి 19 తరువాత ఉన్నది వేరు. అయినా అవి రెండూ కలిసి పనిచేయగలవని ఫోన్‌కు ఎలా తెలుసు? ఆ ధీమా ఎక్కడ రాసి ఉంది?

వెర్షన్ నంబరులో. ఆపిల్ వ్యవస్థల అడుగున ఉన్న డార్విన్‌కు బీఎస్‌డీ అనే యూనిక్స్ కుటుంబంతో చుట్టరికం ఉంది, ఆ బీఎస్‌డీ భాగంలో చాలావరకు ఫ్రీబీఎస్‌డీ నుంచి వచ్చింది. డార్విన్‌లో ఒక్కో లైబ్రరీకి రెండు నంబర్లుంటాయి. ఒకటి ఇప్పటి వెర్షన్. రెండోది ఎంత పాత ప్రోగ్రాము దాకా కుదురుతుందో చెప్పే నంబరు. మరమ్మతు జరిగినప్పుడు మొదటిది మారుతుంది, రెండోదాన్ని ముట్టుకోరు. రెండు అంకెలు వేరువేరు సంగతులు చెప్పాలన్న ఈ ఆలోచన ఆపిల్‌ది కాదు. 1987 వేసవిలో యూస్‌నిక్స్ సదస్సుకు సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు రాబర్ట్ జింజెల్, మరి ముగ్గురు ఒక పత్రం తెచ్చారు. అంతకుముందు వాళ్ల యూనిక్స్‌లో ప్రతి ప్రోగ్రామూ తనకు కావలసిన లైబ్రరీ ముక్కలన్నిటినీ తనలోనే నింపుకొని తిరిగేది. సన్‌ఓఎస్ 4లో వాటిని బయటికి తీసి పంచుకునేలా చేశారు, పంచుకోగానే ఎదురైన చిక్కు కోసం మేజర్, మైనర్ అని రెండు అంకెలు పెట్టారు. పాత ప్రోగ్రాములు పనిచేయని మార్పు వస్తే మేజర్ పెరగాలి. పాతవి పనిచేస్తూనే కొత్త ఫంక్షన్లు చేరితే మైనర్ పెరగాలి. లోపల మరమ్మతు మాత్రమే అయితే మేజర్‌ను కదపనక్కర లేదు. బీఎస్‌డీలు ఈ పద్ధతిని అందుకున్నాయి. 1993లో పుట్టిన నెట్‌బీఎస్‌డీ, 1995లో దాన్నుంచి విడిపోయిన ఓపెన్‌బీఎస్‌డీ ఇప్పటికీ రెండంకెలే వాడతాయి. ఫ్రీబీఎస్‌డీ 1998లో ఎల్ఫ్ అనే కొత్త ఫైల్ రూపానికి మారాక ఒక్క అంకెతో సరిపెట్టుకుంది.

ఇక్కడ చదువరి పొరబడే చోటొకటుంది. ఆ అంకె లైబ్రరీ వయసు కాదు, నాణ్యత కాదు, పెట్టెమీద వేసే వెర్షన్ అసలే కాదు. ఇప్పటికే కంపైల్ అయిపోయి, ఇక తమను తాము మార్చుకోలేని ప్రోగ్రాములకు ఇచ్చిన మాట. అంకె మారకపోతే మాట నిలబడ్డట్టు. మారితే వెనక్కి తీసుకున్నట్టు.

చౌటుప్పల్ మీదుగా పోయే పెద్ద రోడ్డు 2010 దాకా 9వ నంబరు జాతీయ రహదారి. ఆ ఏడు దేశమంతా రహదారుల నంబర్లు తిరగరాసినప్పుడు అది 65 అయింది. పుణె నుంచి హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా రోడ్డు అదే. బోర్డులు మార్చారు, పటాలు మార్చారు, పాత కాగితాల్లో 9 అనే ఉండిపోయింది. ఊళ్లోవాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు. వాళ్లు ముందునుంచీ దాన్ని విజయవాడ రోడ్డనే అంటారు. ఫ్రీబీఎస్‌డీలో కంపైలర్ కూడా ఊళ్లోవాళ్ల లాగే నంబరు లేని పేరుతోనే లైబ్రరీని అడుగుతుంది, అడిగింది దొరుకుతుంది. కానీ పని ముగించి వెళ్తూ, తయారైన ప్రోగ్రాములో నంబరున్న పేరే రాసి వెళ్తుంది. ఆ తరువాత ఆ ప్రోగ్రాము పాత కాగితం వంటిదే. 9 కావాలంటుంది; 9 లేదంటే మొదలే కాదు. లైబ్రరీలో మార్పేమీ లేకుండా అంకె ఒక్కటే పెంచినా అంతే.

అనవసరంగా పెంచడం చిన్న తప్పు. పెంచాల్సిన చోట పెంచకపోవడం పెద్ద తప్పు, అది తప్పని వెంటనే తెలియదు గనక.

ఒక లైబ్రరీ ఫైళ్ల వివరాలు చెబుతుందనుకుందాం. అడిగిన ప్రోగ్రాము 8 బైట్ల జాగా చూపిస్తుంది. లైబ్రరీ మొదటి 4 బైట్లలో ఫైలు మారిన సమయం, తరువాతి 4 బైట్లలో ఫైలు పొడవు నింపుతుంది. పొడవు ఐదో బైటు నుంచి మొదలవుతుందన్న సంగతి ప్రోగ్రాములో పేరుగా ఉండదు, దూరంగా ఉంటుంది: మొదటినుంచి నాలుగు బైట్లు దాటి చదువు, అని. ఇప్పుడు కొత్త లైబ్రరీలో సమయానికి 8 బైట్లు ఇచ్చారు. ఫంక్షన్ పేరు మారలేదు. పాత ప్రోగ్రాము యథాప్రకారం నాలుగు బైట్లు దాటి చదువుతుంది. అక్కడ ఇప్పుడున్నది పొడవు కాదు, సమయంలోని పై సగం. ఇంటెల్ తరహా యంత్రాల్లో అది సున్నా. ప్రోగ్రాము ఏ ఫిర్యాదూ చేయకుండా ఫైలు పొడవు సున్నా అని చెబుతుంది. అంతటితో పోదు. 8 బైట్ల జాగాలో లైబ్రరీ అంతకంటే ఎక్కువ రాసింది. పక్కన ఏముంటే అది చెరిగిపోయింది. ప్రోగ్రాము కూలితే అదృష్టం. కూలకపోతే తప్పు లెక్కలు రాస్తూ నడుస్తుంది.

పీఎన్‌జీ బొమ్మలు చదివే లిబ్‌పీఎన్‌జీ ఈ బాధ పడీ పడీ రాటుదేలింది. తన లోపలి స్ట్రక్చర్లను, అంటే ఇలాంటి బైట్ల అమరికలను, నేరుగా తడమొద్దని ఆ లైబ్రరీ కర్తలు ఏళ్లతరబడి చెప్పారు. ఎవరూ వినలేదు. 2011లో 1.5 వెర్షన్‌తో ఆ స్ట్రక్చర్లను బయటికి కనబడకుండా మూసేశారు. ఎన్ని ప్రోగ్రాములు తడుముతున్నాయో ఆ రోజు తెలిసింది, అవి కంపైల్ కావడం మానేశాయి గనక. 2010లో 1.4, 2013లో 1.6, ప్రతిసారీ అంకె మారింది, ప్రతిసారీ ప్యాకేజీలు చేసేవాళ్లకు వారాల పని పడింది. అంకెను నమ్మలేక ఆ లైబ్రరీ ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంటుంది: ప్రోగ్రాము తనను మొదటిసారి పిలిచినప్పుడు, నువ్వు ఏ వెర్షన్ హెడర్‌తో (నా ఫంక్షన్ల, స్ట్రక్చర్ల వివరాలుండే ఫైలుతో) కంపైల్ అయ్యావో చెప్పమంటుంది. కుదరకపోతే అక్కడే ఆగిపోతుంది.

ఇంత జరుగుతుంటే అంకె వేయాల్సింది ఎవరు? లైబ్రరీ రాసినవాళ్లే వేయాలి కదా అనిపిస్తుంది. లినక్స్ ప్రపంచం చాలావరకు అలాగే నడుస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ మాత్రం ఒప్పుకోదు. అక్కడ బయటి సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీగా మలిచే వంటకాల సముదాయాన్ని పోర్ట్స్ అంటారు. ఒక్కో పోర్ట్ మేక్‌ఫైల్లో షేర్డ్ లిబ్స్ అనే వరస ఉంటుంది. అందులో లైబ్రరీ పేరు, దాని ఎదురుగా మేజర్, మైనర్. అది పోర్ట్ చేసినవాళ్లు రాసేది. కొత్త లైబ్రరీ మొదటిసారి చేరినప్పుడు, రాసినవాళ్లు దానికి 3 అని పెట్టినా 16 అని పెట్టినా, ఇక్కడ లెక్క 0.0 నుంచి మొదలు. తరువాత ఎప్పుడు ఎంత పెంచాలో పోర్ట్ చేసేవాళ్లే చూసి తేలుస్తారు. బిల్డ్ జరిగేటప్పుడు రాసినవాళ్ల అంకెను పక్కకు నెట్టి తమ అంకెను ఇరికిస్తారు. దీనికోసం వాళ్లు లిబ్‌టూల్ అనే పనిముట్టును పెర్ల్ భాషలో తామే తిరగరాసుకున్నారు.

ఇది అహంకారంలా కనబడుతుంది. కారణాలు వింటే అలా అనిపించదు.

మొదటిది, రాసినవాళ్లకు చాలాసార్లు ఈ అంకెల సంగతి పట్టదు. అసలు లిబ్‌టూల్ మూడు అంకెలు అడుగుతుంది: ఇప్పటి ఇంటర్‌ఫేస్ ఎన్నోది, దానికి ఎన్నో సవరణ, వెనక్కి ఎన్ని ఇంటర్‌ఫేస్‌లను మోయగలదు. విడుదల వెర్షన్‌తో వీటిని ఎప్పుడూ కలపొద్దని దాని మాన్యువల్ నొక్కి చెబుతుంది. అయినా 2.5.1 విడుదల చేసి ఆ మూడు చోట్లా 2, 5, 1 అని నింపేవాళ్లు కొల్లలు. పైగా ఆ మూడు అంకెలను ఫైలు పేరుగా మార్చే సూత్రం ఒక్కో వ్యవస్థకు ఒక్కోలా ఉండేది. ఫ్రీబీఎస్‌డీ మీద లిబ్‌టూల్ చాలా కాలం మూడో అంకెను పట్టించుకోలేదు. ఒక కొత్త ఫంక్షన్ చేరినా చాలు, లినక్స్‌లో మారని అంకె ఇక్కడ మారిపోయేది. తరువాత ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్ వాళ్లు దాన్ని లినక్స్ దారికి తెచ్చుకున్నారు.

రెండో కారణం ఇంకా గట్టిది. సోర్స్‌లో ఒక్క అక్షరం మారకుండానే లైబ్రరీ ఇంటర్‌ఫేస్ మారిపోవచ్చు. కంపైల్ చేసేటప్పుడు ఒక ఐచ్ఛికం వేసినా తీసినా స్ట్రక్చర్ పరిమాణం మారుతుంది. కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ సమయాన్ని దాచే పద్ధతి మార్చుకుంటే, సమయాన్ని తన ఫంక్షన్లలో ఇచ్చిపుచ్చుకునే ప్రతి లైబ్రరీ మారినట్టే. రాసినవాళ్లకు ఇది తెలిసే అవకాశమే లేదు, వాళ్ల సోర్స్ నిన్నటి లాగే ఉంది. 2024లో డెబియన్, ఉబుంటు 32 బిట్ ఏఆర్ఎం యంత్రాల కోసం సమయాన్ని 64 బిట్లకు మార్చినప్పుడు సరిగ్గా ఇదే ఎదురైంది. లైబ్రరీల అంకెలు రాసినవాళ్ల చేతిలో ఉన్నాయి, వాటిని కదపడానికి లేదు. చివరికి వందలాది లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర టీ64 అని తగిలించి గట్టెక్కారు. ఉబుంటు 24.04 వాడేవాళ్లు ఆ తోకలను ఇప్పటికీ చూడొచ్చు. అంకె ప్యాకేజీ చేసేవాళ్లదే అయివుంటే తోక అవసరం పడేది కాదు.

అందుకే నేను ఓపెన్‌బీఎస్‌డీ పక్షం. నష్టం లేకపోలేదు: అక్కడి అంకెను చూసి అది ఏ విడుదలో చెప్పలేం, బయట కంపైల్ అయిన ప్రోగ్రాము అక్కడ నడవదు. బయటి ప్రోగ్రామును తెచ్చి నడపడం వాళ్లకు ముందునుంచీ ముఖ్యం కాదు.

పోర్ట్ చేసేవాళ్లు ఎలా తేలుస్తారన్నది మిగిలింది. పాత లైబ్రరీ, కొత్త లైబ్రరీ బయటికి చూపే పేర్ల జాబితాలు తీసి పక్కపక్కన పెట్టి చూసే స్క్రిప్టులున్నాయి. ఒక పేరు పోయిందా, మేజర్ పెంచు. కొత్త పేరు వచ్చిందా, మైనర్ పెంచు. ఇంతవరకు యంత్రం చేస్తుంది. కానీ పైన చెప్పిన 8 బైట్ల ఉదాహరణలో జాబితాలు రెండూ ఒకేలా ఉంటాయి. అందుకని హెడర్ ఫైళ్లు తెరిచి, స్ట్రక్చర్ల నడుమ ఏదైనా చేరిందా, ఫంక్షన్‌కు ఒక ఆర్గ్యుమెంట్ పెరిగిందా, ఒక స్థిరాంకం విలువ మారిందా అని కళ్లతో చదవాల్సిందే. సందేహం మిగిలితే మేజర్ పెంచేస్తారు. అక్కరలేని పెంపుకు అయ్యే ఖర్చు కొంత కంపైల్ సమయం; అక్కరైన చోట పెంచకపోతే ఎక్కడో ఒకరి ఫైలు పాడవుతుంది.

మేజర్ పెరిగితే దాని మీద ఆధారపడ్డ ప్యాకేజీలన్నీ మళ్లీ తయారు కావాలి. ఫ్రీబీఎస్‌డీలో ముప్పై వేలు దాటిన పోర్ట్స్ ఉన్నాయి. ఒక లైబ్రరీ అంకె మారితే దాన్ని వాడే పోర్ట్స్ అన్నిటిలోనూ పోర్ట్ రివిజన్ అనే అంకెను ఒకటి పెంచడం అక్కడి ఆనవాయితీ, లేకపోతే వాడేవాళ్ల యంత్రాలకు కొత్త ప్యాకేజీ వచ్చిందని తెలియదు. ఓపెన్‌బీఎస్‌డీలో ఒక్కో ప్యాకేజీ సంతకంలోనే అది ఏయే లైబ్రరీలను ఏయే అంకెలతో కోరుతుందో రాసి ఉంటుంది. లైబ్రరీ అంకె మారితే సంతకం దానంతటదే మారుతుంది, అప్‌డేట్ పనిముట్టు పసిగడుతుంది. మార్క్ ఎస్పీ రాసిన ఆ పనిముట్లలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి: లైబ్రరీని కొత్త మేజర్‌కు మార్చేటప్పుడు పాత ఫైలు ఇంకా ఎవరికైనా కావాలేమో చూసి, కావాలంటే దాన్ని చుక్కతో మొదలయ్యే పేరున్న ఒక ఉత్తుత్తి ప్యాకేజీలో పెట్టి ఉంచుతుంది. సగం ప్యాకేజీలు మారి కరెంటు పోయినా మిగతా సగం నడుస్తాయి.

అంకెను పెంచడమా, ఏళ్లతరబడి నిలబెట్టడమా అన్న చోట మూడు బీఎస్‌డీలూ మూడు దారులు పట్టాయి. యూనిక్స్ సమయాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కబెడుతుంది. 32 బిట్లలో ఆ లెక్క 2,14,74,83,647 దగ్గర నిండిపోతుంది. మన గడియారంలో అది 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. ఆ మరుసటి సెకను 1901కి పోతుంది. మందు అందరికీ తెలిసిందే, 64 బిట్లు. కానీ సమయం అన్ని ప్రోగ్రాముల అడుగున ఉండే సీ లైబ్రరీలో, లిబ్‌సీలో ఉంది. దాని అంకె కదిలితే వ్యవస్థలో కదలనిది ఉండదు.

నెట్‌బీఎస్‌డీ 2012లో 6.0 విడుదలతో అన్ని రకాల యంత్రాల మీదా 64 బిట్లకు మారింది. లిబ్‌సీ మేజర్ మాత్రం 12 దగ్గర నుంచి కదల్లేదు. ప్రోగ్రామర్ సోర్స్‌లో టైమ్ అని రాస్తే, హెడర్ దాన్ని చడీచప్పుడు లేకుండా చివర 50 తగిలించిన ఇంకో పేరుకు మళ్లిస్తుంది. పాత ప్రోగ్రాములు పాత పేరునే పిలుస్తాయి, వాటికోసం పాత 32 బిట్ల ఫంక్షన్ కూడా లిబ్‌సీలోనే ఉండిపోయింది. అంటే వాళ్లు ఇచ్చిన మాట తప్పలేదు, ఒకే లైబ్రరీలో పాత మాటను కొత్త మాటను రెండింటినీ మోస్తున్నారు. మోత ఏటేటా పెరుగుతుంది.

ఓపెన్‌బీఎస్‌డీ 2014 మే 1న 5.5 విడుదలతో మారింది. పాతదాన్ని మోయలేదు. కెర్నల్, లిబ్‌సీ, ప్యాకేజీలు అన్నీ ఒక్కసారే కొత్తవి, 5.4 కోసం కంపైల్ చేసుకున్నవన్నీ మళ్లీ చేసుకోవాల్సిందే. ఆ ఒక్క రోజు వాడుకదారులు తిట్టుకుని ఉంటారు. ఆ మరుసటి రోజు నుంచి లిబ్‌సీలో 32 బిట్ల సమయం గురించి ఎవరూ ఆలోచించనక్కర లేకపోయింది.

ఫ్రీబీఎస్‌డీ దారికి ఉదాహరణ సమయం కాదు, ఫైలు వివరాలు. దాని లిబ్‌సీ 2008లో 7.0 విడుదలప్పుడు 7వ అంకె వేసుకుంది. తరువాత వచ్చిన విడుదలల్లోనూ అదే 7. అప్పుడే సింబల్ వెర్షనింగ్ అనే ఏర్పాటు తెచ్చారు గనక ఇది సాధ్యమైంది. ఫైలు మొత్తానికి ఒక అంకె కాకుండా ఒక్కో ఫంక్షన్‌కు ఒక వెర్షన్ గుర్తు. 2018 డిసెంబరులో 12.0 విడుదలలో డిస్కు మీది ఫైళ్లకు ఇచ్చే ఐనోడ్ సంఖ్యను 32 నుంచి 64 బిట్లకు పెంచినప్పుడు, ఫైలు వివరాలు చెప్పే స్టాట్ ఫంక్షన్ రెండు రూపాల్లో ఉండిపోయింది. 2008 నాటి ప్రోగ్రాముకు 1.0 గుర్తున్నది, కొత్తదానికి 1.5 గుర్తున్నది. చూడముచ్చటైన పని. చిల్లు కూడా ఉంది. లిబ్‌సీ తన మాటే నిలబెట్టుకోగలదు. ఆ స్ట్రక్చర్‌ను తన ఇంటర్‌ఫేస్‌లో వాడుకునే బయటి లైబ్రరీ ఒకటి కొత్తగా కంపైల్ అయి, దాన్ని పిలిచే ప్రోగ్రాము పాతదైతే, లిబ్‌సీకి ఆ గొడవ కనబడనే కనబడదు. అప్పట్లో ఫ్రీబీఎస్‌డీ వాళ్లు పాతవీ కొత్తవీ కలపొద్దని హెచ్చరించింది అందుకే.

తెలుగు వాడేవాళ్లకు దగ్గరి లైబ్రరీలు రెండింటిలోనూ ఈ తేడా కనబడుతుంది. హార్ఫ్‌బజ్ 2015లో 1.0 అయింది, అంతకుముందు, ఆ తరువాత కూడా దాని ఇంటర్‌ఫేస్ అంకె సున్నా. బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్, ఆయన తోటివాళ్లు ఎన్నో ఫంక్షన్లు చేర్చారు, లోపల మొత్తం తిరగరాశారు, బయటికి ఇచ్చినది మాత్రం వెనక్కి తీసుకోలేదు. ప్రధాన స్ట్రక్చర్ల లోపలి భాగాలను ఎవరికీ చూపించకపోవడమే ఇందులో కిటుకు. కనబడనిదాని మీద ఎవరూ ఆధారపడలేరు.

ఐసీయూ అనే లైబ్రరీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. తెలుగు పేర్లను అకారాది క్రమంలో పెట్టడం, మన పద్ధతిలో తేదీలు, లక్షలు, కోట్లు రాయడం దాని పని. ఏడాదికి రెండుసార్లు విడుదలవుతుంది, ప్రతిసారీ అంకె మారుతుంది. అంకె మార్చడంతో ఆగకుండా, ప్రతి ఫంక్షన్ పేరు చివర ఆ విడుదల అంకెను అంటిస్తుంది. ఎందుకంటే ఎల్ఫ్ లోడర్ సాధారణంగా ఫంక్షన్‌ను పేరుతో మాత్రమే వెతుకుతుంది. ఒక ప్రోగ్రాము నేరుగా ఒక ఐసీయూను, అది పిలిచే ఇంకో లైబ్రరీ వేరే ఐసీయూను తెస్తే, రెండూ ఒకే మెమరీలోకి వస్తాయి. ముందు దొరికిన పేరే అందరికీ అంటగట్టబడుతుంది. పేరుకు అంకె తోక ఉంటే ఆ ప్రమాదం తప్పుతుంది. ఆలోచన సరైనదే. దాని ఖరీదు మాత్రం ప్యాకేజీ చేసేవాళ్లు కడతారు: ఐసీయూ మారిన ప్రతిసారీ ఫ్రీబీఎస్‌డీలో వందల పోర్ట్స్ రివిజన్లు పెరుగుతాయి, ఓపెన్‌బీఎస్‌డీలో అన్నిటినీ తిరిగి తయారుచేసే బల్క్ బిల్డ్ నడవాలి. హార్ఫ్‌బజ్ కావాలంటే ఐసీయూ సాయం తీసుకోగలదు. ఆ సాయం తీసుకునే ముక్కను వాళ్లు ప్రధాన లైబ్రరీలో కలపకుండా ఇంకో చిన్న లైబ్రరీగా విడిగా ఉంచారు. ఫ్రీబీఎస్‌డీలో దానికి విడి పోర్టే ఉంది. ఐసీయూ అంకె ఎన్నిసార్లు కదిలినా కుదుపు ఆ చిన్న ముక్క దగ్గరే ఆగుతుంది.

ఈ బాధంతా ఎందుకు, ప్రతి ప్రోగ్రాములోనూ లైబ్రరీలను నింపేస్తే పోలేదా అనే వాదం ఈమధ్య మళ్లీ బలపడింది. గో, రస్ట్ భాషల్లో రాసిన ప్రోగ్రాములు చాలావరకు అలాగే తయారవుతాయి. డిస్కు చవకైంది, మెమరీ చవకైంది, అంకెల తలనొప్పి ఉండదు. 1987కు ముందు ఉన్న చోటికే వెళ్లడమన్నమాట, కాకపోతే సౌకర్యంగా. నాకున్న అభ్యంతరం ఒకటే: 2018 ఫిబ్రవరిలో ప్రతి యాప్ తన కోర్‌టెక్స్ట్‌ను తనలోనే నింపుకొని ఉంటే ఆ మరమ్మతుకు ఎన్ని నెలలు పట్టేదో, ఎన్ని యాప్‌లకు ఎప్పటికీ అందేది కాదో ఊహించుకోవచ్చు.

ఈ రెండు పద్ధతులూ ఇప్పటికే ఒకే యంత్రంలో కలిసి కాపురం చేస్తున్నాయి. ఫైర్‌ఫాక్స్, క్రోమియం మూలకర్తలు తమ సోర్స్‌తోపాటు హార్ఫ్‌బజ్ ప్రతిని కూడా మోసుకొస్తారు. ఎడిటర్ వాడే హార్ఫ్‌బజ్ ఒకటి, బ్రౌజర్ కడుపులో ఉన్నది ఇంకొకటి, రెండింటి వెర్షన్లూ వేరు కావచ్చు. కాబట్టి ఒకే ఫాంటుతో ఒక చోట సరిగ్గా పడిన ఒత్తు ఇంకో చోట పక్కకు జరిగితే, ఫాంటు చేసినవాళ్లను తిట్టే ముందు ఆ రెండు ప్రోగ్రాముల మీదా ఎల్‌డీడీ అనే ఆదేశం నడిపి చూడాలి. ఏ ప్రోగ్రాము ఏయే లైబ్రరీలను ఏయే అంకెలతో కోరుతుందో అది వరసగా చెబుతుంది. జాబితాలో హార్ఫ్‌బజ్ పేరు కనబడకపోతే, ఆ ప్రోగ్రాము దాన్ని తనలోనే దాచుకుని ఉండొచ్చు, వ్యవస్థలోని లైబ్రరీని ఎంత సరిచేసినా అప్పుడు దానికి అందదు.